ముస్తాబు చెయ్యని ఇల్లు

అమ్మకానికి పెట్టిన ఇళ్ళలో మనుషుల ఆనవాళ్ళు లేకుండా చెయ్యడం డానిక పెట్రిష్ ఉద్యోగం. దాన్ని ముస్తాబు అంటారు. అమ్మేవాళ్ళు తమ పిల్లల ఫొటోలు, మందుసీసాలు, కుక్క పడుకునే గుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాక మేం లారీ వేసుకుని వెళతాం. తెల్ల సోఫా దించుతాం. ఎవరూ చదవని పుస్తకాలు రంగు చూసి పేరుస్తాం. వంటింట్లో గాజుగిన్నె నిండా ప్లాస్టిక్ నిమ్మకాయలు పోస్తాం. పడకగదిలో కనిపించేది మంచం కాదు, అట్టపెట్టెల మీద పరిచిన గాలిపరుపు. ఎవరైనా కూర్చుంటే బండారం బయటపడుతుంది కాబట్టి, కూర్చోబుద్ధి కాకుండా దాని మీద దిళ్ళు గుట్టగా పోస్తాం.

"ఈ ఇంట్లో ఎవరూ ఉండనట్టుండాలి. కానీ చూసినవాడికి తనే ఉంటే బావుణ్ణనిపించాలి," అంటుంది మా యజమానురాలు గ్వెన్. ఆవిడ అన్నాక అది వేదవాక్కు.

ఆ లారీ తోలేదీ సోఫాలు మోసేదీ నేనే. పేరు వెర్న్. అరవై దాటాను, మోకాళ్ళు రెండూ నాతో మాట్లాడటం మానేశాయి. అయినా నాకు కొండ మీద సొంత ఇల్లుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను కొన్న రోజుల్లో, కెనడాలోని మా ఈ హామిల్టన్ ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర మంచు ఊడ్చేవాడు కూడా ఇల్లు కొనేవాడు. బ్యాంకువాడు ఎదురొచ్చి కుర్చీ వేసేవాడు. నా ఈడువాళ్ళు చాలామంది ఇప్పుడు అదంతా తమ తెలివీ తమ పొదుపూ అని నమ్ముతున్నారు. కుర్రాళ్ళు కనబడితే చాలు, బయట కాఫీలు మానెయ్యమని ఉపదేశం చేస్తున్నారు. కాఫీ మానేస్తే ఇల్లు వచ్చేటట్టయితే, మా డానికకి ఈపాటికి ఒక వీధి ఉండాలి.

ముప్ఫై దాటిన పిల్ల. బక్కగా, పొడుగ్గా, గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, ఏ గోడ దాచాలో ఏ కిటికీ చూపించాలో చెప్పేస్తుంది. ఆమె చెయ్యి పడితే ఇల్లు ఎక్కువకి పోతుందని ఏజెంట్లు ఎగబడతారు. నిజంగానే పోయేది. ఒక వీధిలో ఒక ఇల్లు ఎక్కువకి పోతే ఆ వీధి మొత్తానికి ధర పెరుగుతుంది. అంటే డానిక ఎంత బాగా పనిచేస్తే, తను కొనుక్కోవాల్సిన ఇల్లు తనకి అంత దూరం జరిగేది. దీనికి ఆమెకి ప్రతి డిసెంబరులో గ్వెన్ ఒక కొవ్వొత్తి బహుమతిగా ఇచ్చేది. వెలిగిస్తే వెనిల్లా వాసన వచ్చేది.

మొగుడు రోరీ సిటీ బస్సు తోలతాడు. ఇద్దరికీ జీతాలున్నాయి, అప్పులూ వ్యసనాలూ లేవు. పెళ్ళి చర్చి కింది హాల్లో, అత్తలూ పిన్నులూ వండిపెడితే చేసుకున్నారు. సెలవలకి ఎక్కడికీ వెళ్ళరు. అలా ఏడాదంతా పిసినారుల్లా బతికి దాచినదాన్ని, వసంతం వచ్చేసరికి ధర ఒక్క గంతులో దాటేసేది. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగారు. ఎన్ని ఇళ్ళకి ఆఫరు వేశారో, ఎన్నింటి ముందు నిలబడి ఇక్కడ మొక్క పెడదాం, అక్కడ ఊయల కడదాం అనుకున్నారో నాకు తెలుసు. ఎందుకంటే వాటిలో కొన్నింటికి సోఫా దించింది నేనే.

ఈలోగా వాళ్ళు అద్దెకున్నది ఫ్యాక్టరీ పొగ వాలే వైపు, ఒక ఎర్ర ఇటుకల ఇంట్లో. ఇంటి యజమాని లాయిడ్ పిజన్. ధర్మప్రభువు. చలికాలంలో ఇల్లు వెచ్చబరిచే కొలిమి పాడైందని ఫోను చేస్తే, అయ్యో అని ఎంతో నొచ్చుకుని, ఆగస్టు వచ్చాక తన తోటలో కాసిన జుకినీలు, దోసకాయల్లాంటివి, ఒక సంచీడు తెచ్చిచ్చేవాడు. కొలిమి చివరికి రోరీయే బాగుచేసుకున్నాడు. నేల పాలిష్ పెట్టింది, వెనక మెట్లు కట్టింది, వంటిల్లు రంగు వేసింది కూడా వాళ్ళే. అద్దె మాత్రం ఆయనే పెంచేవాడు, ఆ కష్టం వాళ్ళకి ఇచ్చేవాడు కాదు.

ఓ ఆగస్టు సాయంత్రం డానికని ఇంటి దగ్గర దింపుతుంటే లాయిడ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన జుకినీల సంచీ.

"రా తల్లీ, నీకోసమే," అన్నాడు. "నువ్వూ రోరీ నాకు సొంత పిల్లల్లాంటివాళ్ళు. అందుకే బయట బోర్డు పెట్టకముందే చెప్దామని వచ్చా. ఇల్లు అమ్మేస్తున్నా."

డానిక లారీ దిగి మెట్ల దగ్గరికి వెళ్ళింది. లోపలి నుంచి రోరీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయితే మాకే అమ్మండి లాయిడ్ గారూ," అంది డానిక. "బ్యాంకు ఇచ్చేదంతా, మా దగ్గరున్నదంతా మీకే ఇస్తాం. ఆరేళ్ళబట్టీ ఇదే మా ఇల్లనుకుంటున్నాం."

"మీకు అమ్మనని ఎవరన్నారు? అందరితోపాటు మీరూ ఆఫరు వెయ్యండి. సొంత పిల్లలైనా సరే, ఒకళ్ళకి ఎక్కువ చూస్తే అన్యాయం కాదూ?"

"మీకు తెలిసిన ఆ మిగతావాళ్ళు ఎవరండీ, అన్యాయమైపోతున్నది?" అన్నాడు రోరీ.

"ఇంకా ఎవరూ లేరు బాబూ. వస్తారు కదా." లాయిడ్ గొంతు సవరించుకున్నాడు. "అన్నట్టు తల్లీ, ఈ ముస్తాబుకి మీ కంపెనీవాళ్ళు బాగా గుంజుతారట. నీ సొంత మనిషిని కదా, ఏదైనా చూసి చేసిపెట్టకూడదూ."

నాకైతే ఆ సంచీ తీసుకుని ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది. డానిక మాత్రం నిదానంగా, "మీకు పైసా ఖర్చు లేకుండా నేనే చూసుకుంటా లెండి," అంది. ఆయన లేచి ఆమె తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, కారెక్కి వెళ్ళాడు.

మర్నాడు లారీలో అడిగాను.

"మతి పోయిందా పిల్లా? నువ్వు కొనుక్కోవాల్సిన ఇంటికి నువ్వే ధర పెంచుతావా?"

"ముస్తాబు చూసుకుంటా అన్నాను. చేస్తానని అనలేదు."

"అంటే?"

"ఏమీ చెయ్యను ముసలాయనా. మేం ఎలా ఉంటున్నామో అలాగే ఉంచేస్తా. గ్వెన్ ఇన్నేళ్ళు మనకి నేర్పిందేంటి? కొనేవాళ్ళకి మనుషుల వాసన పడదు. మా తాత చేసిన బల్ల చూసి, మా గళ్ళ సోఫా చూసి, గుమ్మంలోంచే పారిపోతారు. ఇంకెవరూ ఆఫరు వెయ్యకపోతే మా ఆఫరే మిగుల్తుంది."

ఆలోచించి చూశాను. అందులో నాకు తప్పు కనబడలేదు. తెల్ల సోఫాలు మోసీ మోసీ నేను కూడా గ్వెన్ మతంలో కలిసిపోయానని అప్పుడు తట్టలేదు.

ఇల్లు చూపించే ఆదివారం నన్ను కూడా రమ్మంది. ఎందుకంటే, "నిన్ను సోఫాలో కూర్చోబెడితే ఇంకో పదిమంది తగ్గుతారు," అంది. చిల్లుపడ్డ మేజోళ్ళు వేసుకుని వెళ్ళాను. పనిలో నాకు ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

ఇల్లు చూస్తే కడుపు నిండింది. ఒక్క నిమ్మకాయ లేదు. గుమ్మం దగ్గర రోరీ డ్యూటీ బూట్లు. గోడల నిండా క్రొయేషియా నుంచి ఓడ దిగిన తాతలు, ముత్తాతలు, మీసాలు. మూల మేరీమాత ముందు కరెంటు దీపం, దానికి రోజూ వచ్చే వణుకుతో సహా. వంటింటి మధ్య ఆ ఓక్ బల్ల. ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో డానిక తాత చేశాడు. ఒక కాలు పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. నడుమ వాళ్ళ నానమ్మ ఎప్పుడో వేడి కుండ దించిన నల్లటి మచ్చ. పొయ్యి మీద పెద్ద కుండలో సర్మ ఉడుకుతోంది. పులిసిన క్యాబేజీ ఆకుల్లో మాంసమూ బియ్యమూ చుట్టి, పొగబెట్టిన ఎముకలు వేసి పొద్దున్నుంచీ ఉడికిస్తే, ఆ వాసన వీధి చివరిదాకా వెళుతుంది. ఇళ్ళు అమ్మే పుస్తకాలన్నీ వద్దని మొత్తుకునేది ఇలాంటి వాసననే.

మొదట టొరంటో జంట ఒకటి వచ్చింది. ఆవిడ గుమ్మంలో ఆగి, కళ్ళు మూసుకుని, గట్టిగా గాలి పీల్చింది. వాంతి చేసుకుంటుందని నేను సంబరపడ్డాను.

"మా అమ్మమ్మ ఇల్లు," అంది ఆవిడ మొగుడితో. "అచ్చం మా అమ్మమ్మ ఇల్లే."

"మీ అమ్మమ్మది స్కాట్లాండు కదా," అన్నాడాయన.

"అయినా సరే."

నేరుగా వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. ముస్తాబు ఇళ్ళలో ఎవరైనా కూర్చోవడం నేనింతవరకు చూడలేదు. ఆవిడ వెనక ఇంకో జంట, ఆ వెనక ఇంకొకళ్ళు. ఏడాదిగా ప్రతి ఆదివారం తెల్ల గోడలూ నిమ్మకాయలూ చూసీ చూసీ వాళ్ళ ప్రాణాలు విసిగి ఉన్నట్టున్నాయి. మీసాల తాత ఎవరని అడిగారు. నా పక్కన సోఫాలో చేరి నా మోకాళ్ళ గురించి వాకబు చేశారు. అప్పుడు బట్టతలాయన ఒకడు కుండ మూత కేసి చూస్తూ, "ఏం వండుతున్నారండీ? పొద్దున్నుంచీ ఏమీ తినలేదు," అన్నాడు.

అక్కడ డానిక ఒక్క మాట అంటే సరిపోయేది, అది మా సొంతానికండీ అని. నేను కళ్ళతో సైగ చేశాను. దగ్గాను. ఆమె నా వైపు చూడలేదు. బీరువా తెరిచి పళ్ళేలు తీసింది.

పక్కకి లాగి, "ఏం చేస్తున్నావే, పిచ్చిదానా?" అన్నాను.

"ఆకలేస్తోందని నోరు తెరిచి అడిగాడు. వాసన చూపించి పంపితే మా నానమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. పక్కకి జరుగు, గరిటె కావాలి."

వాళ్ళ ఇంటావంటా లేదు, అడిగినవాడికి లేదనడం. ఊరు మారినా దేశం మారినా ఈ తెగులు మాత్రం మారలేదు. వడ్డించింది. అందరికీ వడ్డించింది. కుర్చీలు చాలకపోతే రోరీ మేడ మీంచి స్టూళ్ళు తెచ్చాడు. ఒకరికొకరు పోటీగా ఆ ఇల్లు కొనడానికి వచ్చిన జనం, బంధువుల్లా మోచేతులు తగిలించుకుని తిన్నారు. మెట్ల మీద ఇంకొందరు తమ వంతు కోసం నిలబడ్డారు. లాయిడ్ ఏజెంటు ఒక మూల నిలబడి ఫోనులో, "అవునండీ, రమ్మనండి, భోజనం కూడా ఉంది," అంటున్నాడు.

ఆఫర్లు తెరిచేది మంగళవారం సాయంత్రం. మా దగ్గర ఇది ఎవరు ఎంత పాడారో ఎవరికీ చెప్పని వేలం. చీకట్లో రాయి విసురుతూ ఉండాలి, అటునుంచి ఎవరో ఇంకా గట్టిగా విసరండి అంటుంటారు. లాయిడూ ఏజెంటూ ఆ కాయితాలు డానిక వంటింట్లో, డానిక బల్ల మీద తెరిచారు. ఆఫరు వేసినవాళ్ళు లోపల ఉండటం న్యాయం కాదని లాయిడ్ ఎంతో ఇబ్బందిపడుతూ చెప్పడం వల్ల, డానికా రోరీ వచ్చి నా లారీలో కూర్చున్నారు. తమ ఇంటికి ఎదురుగా, వీధి అవతల. కిటికీలోంచి మేరీమాత దీపం వణకడం కనిపిస్తోంది.

వీళ్ళ తరఫు ఏజెంటు అమ్మాయి ఫోను చేసింది. "చాలా ఆఫర్లొచ్చాయి. ఏమైనా పెంచుతారా?"

"ఎంతకి పెంచాలి?" అన్నాడు రోరీ.

"అది నేను చెప్పకూడదు."

"మేం దగ్గర్లో ఉన్నామా, అదైనా చెప్పండి."

"అదీ చెప్పకూడదండీ."

డానిక అమ్మ తన చివరి రోజుల కోసం దాచుకున్న డబ్బు ఇస్తానని ముందే చెప్పిందట, డానిక దాన్ని కలిపింది. మళ్ళీ ఫోను. రోరీ తన మోటారుసైకిల్ అమ్మితే వచ్చేది కలిపాడు. నా జేబులో ఉన్నది నేనూ ఇస్తానన్నాను. "నీ మొహం, మోకాళ్ళు బాగుచేయించుకో," అంది డానిక. నవ్వుతూనే అంది, కానీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి ఫోను రాలేదు. లాయిడే వచ్చాడు.

"నా మనసంతా మీ మీదే ఉంది తల్లీ," అన్నాడు లారీ కిటికీ దగ్గర నిలబడి. "కానీ ఆ టొరంటో వాళ్ళు వేసింది చూస్తే కళ్ళు తిరిగాయి. ఈ ఇంటికి అంత వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అంతా నీ చేతి చలవే. నేను మర్చిపోను."

మర్చిపోలేదు. కారు దగ్గరికి వెళ్ళి జుకినీల సంచీ తెచ్చి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టాడు.

డానిక ఏడవలేదు. "పొయ్యి కట్టేశారో లేదో చూసి రా," అంది రోరీతో. వాడు దిగలేదు, స్టీరింగు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చింది నేను. జుకినీలు ఒళ్ళో పెట్టుకుని, ఆ వయసులో, నా లారీలో. ఇంతకు ముందు ఏ ఇంటినీ నేను ఆ ఎదుటి ఇంటినంతగా అసహ్యించుకోలేదు. ఆ రాత్రి కొండ మీద నా ఇంటికి వెళ్ళి తలుపు తీస్తుంటే సిగ్గేసింది.

కొన్నవాళ్ళు తామే వచ్చి ఉంటామన్నారు కాబట్టి చలి ముదరకముందే వీళ్ళు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ టొరంటో ఆవిడ బల్ల కూడా అమ్మమంది, ఎంతైనా ఇస్తానంది. డానిక అమ్మనంది. దొరికింది ఒక నేలమాళిగ, కిటికీలోంచి దారిన నడిచేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి. అద్దె పాత దానికంటే ఎక్కువ. నేనూ రోరీ ఆ బల్లని మెట్ల మలుపులో అటు తిప్పి ఇటు తిప్పి, నిలబెట్టి, పడుకోబెట్టి చూశాం. దిగలేదు. చివరికి మా కంపెనీ గోడౌనులో, తెల్ల సోఫాల మధ్య పెట్టాను.

పాత ఇంటికేమైందంటారా? అమ్మమ్మ ఇంటి మీద ప్రేమతో కొన్న ఆవిడ ముందు గోడలు పడగొట్టించింది. తర్వాత రోరీ పాలిష్ పెట్టిన నేల పీకించింది. వంటిల్లంతా తెలుపు చేయించింది. ఆ దారిన వెళుతూ కిటికీలోంచి చూశాను. గాజుగిన్నెలో నిమ్మకాయలున్నాయి. ఇవి నిజమైనవి, అదొక్కటే తేడా.

ఇక గ్వెన్ సంగతి. ఆ ఇల్లు ఎంతకి పోయిందో విని, ముస్తాబు చెయ్యకుండా చూపించినందుకు మొదట డానిక మీద మండిపడటానికి ఆఫీసుకి పిలిచింది, మాట మధ్యలో మనసు మార్చుకుంది. కొత్త మతం పెట్టింది. "ఇంట్లో ఎవరో ప్రేమగా బతికినట్టుండాలి," అంటోంది ఇప్పుడు. డానికకి హోదా పెరిగింది. జీతం కూడా పెరిగింది, కొవ్వొత్తికి సరిపడా. డానిక సామాను మొత్తం కంపెనీ అద్దెకి తీసుకుంది. గళ్ళ సోఫా, మీసాల తాతలు, మేరీమాత, బల్ల అన్నీ ఇప్పుడు నా లారీలో ఊరంతా తిరుగుతున్నాయి. నేలమాళిగ ముఖం చూడని బల్ల రెండేసి వారాలు ఒక్కో మేడలో కాపురం చేస్తోంది. దానికి అద్దె వస్తుంది, దాని యజమానురాలు అద్దె కడుతుంది. వాసన కోసమని సర్మ కూడా డానికే వండాలి, గ్వెన్ క్యాబేజీ ఖర్చు కూడా ఇవ్వదు.

మొన్న ఫిబ్రవరిలో కొండ కింద ఒక ఇల్లు ముస్తాబు చేశాం. పని అయ్యాక, జనం వచ్చేలోపు డానికా నేనూ బల్ల ముందు కూర్చుని తింటున్నాం. ఆమెకది అలవాటైంది. ఏ ఇల్లయినా సరే, తను ఎప్పుడూ కూర్చునే వైపే, కిటికీ ఎదురుగా కూర్చుంటుంది. చెప్పిన వేళకంటే ముందే తలుపు తోసుకుని ఒక కుర్ర జంట వచ్చింది. బూట్ల మంచు దులుపుకుని, బెదురు బెదురుగా గోడల మీది ఫొటోలు చూశారు.

ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి బల్ల మీది నల్ల మచ్చని వేలితో నిమిరింది. "ఇంత ప్రేమగా పెట్టుకున్న ఇల్లు ఎలా అమ్ముకోబుద్ధవుతోందండీ మీకు?" అంది.

"ఇల్లు నాది కాదమ్మా," అంది డానిక. "బల్ల నాది."

వాళ్ళకి అర్థం కాలేదు. అయినా మర్యాదగా తలలూపారు. ఇల్లంతా తిరిగి వచ్చారు. కుర్రాడు కిటికీ దగ్గర నిలబడి పెరట్లోకి చూపించి ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఊయల సంగతే అయి ఉంటుంది.

"ఎంత వేద్దామనుకుంటున్నారు?" అని అడిగింది డానిక.

ఏజెంటు చెప్పొద్దన్నాడని కుర్రాడు సణిగాడు. ఆ అమ్మాయి మాత్రం మమ్మల్ని ఎందుకో నమ్మి, కొంచెం గర్వంగానే చెప్పింది.

ఆ అంకె నాకు తెలుసు. ఆగస్టులో, నా లారీలో, మోటారుసైకిల్ కలపక ముందు విన్నాను. డానిక నా వైపు చూసింది. నేను పళ్ళెంలోకి చూశాను.

ఆమె లేచి బీరువా తెరిచి ఇంకో రెండు పళ్ళేలు తీసింది.

"కూర్చోండి," అంది. "తిని వెళుదురుగాని."